బరంపురం చుట్టూ వసంతం: జింకను, తాబేలును బెదరగొట్టకుండా ఫొటో తీయడం ఎలా

మా పెదనాన్నగారి అబ్బాయి ఏటా ఫాల్గుణంలో విశాఖ నుంచి కెమెరా బ్యాగు తగిలించుకుని బరంపురం వస్తాడు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే మొదటి ప్రశ్న, "ఈసారి జింకలు ఎక్కడ దొరుకుతాయిరా?" దొరకడానికి అవేమైనా సంతలో వంకాయలా అని మా అమ్మ విసుక్కుంటుంది. రెండేళ్లు వాడు మందల వెనకాల పొలాల్లో పరుగులు పెట్టాడు. కార్డు నిండా జింకల తోకలే. మూడో ఏడు గట్టు మీద కాలు బెణికింది. కదల్లేక ఒక చెట్టు నీడన కూలబడిపోతే, ముప్పావు గంటకి మంద మొత్తం మేసుకుంటూ వాడి ఎదుటికే వచ్చింది. వాడి దగ్గరున్న మంచి ఫొటోలన్నీ ఆ ఉదయానివే.

కాలు బెణకకుండా ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో, అంటే ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే ఒడిశాలో, మాఘం చివరి నుంచి చైత్రం దాకా చూడాల్సినవి చాలా ఉన్నాయి. నేను మూడింటి గురించే చెబుతాను. కృష్ణజింకలు, పూసిన మోదుగ చెట్లు, ఋషికుల్య ఇసుకలో గుడ్లు పెట్టే తాబేళ్లు.

ముందు రోజులు లెక్క వేసుకోండి

ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఫిబ్రవరి చివర, మార్చిలో మోదుగ. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. గుడ్లు పెట్టాక నెలన్నర నుంచి రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి కాబట్టి వాటికి ఏప్రిల్, ఒక్కోసారి మే మొదటి వారం. జింకలు ఏడాది పొడుగునా ఉంటాయి. అయితే వరి కోతలయ్యాక పొలాల్లో పెసర, మినుము మాత్రమే ఉంటాయి కనుక ఇప్పుడు దాపు ఉండదు, దూరం నుంచే కనిపిస్తాయి. పైగా వసంతం మగజింకలు చోటు కోసం, ఆడజింకల కోసం కొట్లాడుకునే కాలం.

చిలికా పక్షుల కోసమైతే మీరు ఆలస్యంగా వచ్చినట్టే. చలికాలపు వలస బాతులు మార్చి వచ్చేసరికి చాలావరకు వెళ్లిపోతాయి. సరస్సు ఒడ్డున రంభ అనే ఊరి దగ్గర పడవ ఎక్కి మిగిలినవి చూడొచ్చు గానీ, దానికోసమే అయితే వచ్చే డిసెంబరులో రండి.

ఒక రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి. పొద్దున జింక, మధ్యాహ్నం చిలికా, రాత్రి తాబేలు అని పథకం వేసుకున్న వాళ్లని చూశాను. వాళ్లు ఎక్కువగా చూసింది జాతీయ రహదారినే.

సంచీలో ఏముండాలి

పెద్ద లెన్స్ ఉంటే మంచిదే. 300 మిల్లీమీటర్లు దాటితే జింకలకు చాలు. లేకపోతే టెన్షన్ పడకండి. ఒక మామూలు బైనాక్యులర్ కొని, దాని కంటి గొట్టానికి ఫోన్ కెమెరాను ఆనించి తీసినా పనికొచ్చే ఫొటో వస్తుంది. చెయ్యి కుదరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఇంటి డాబా మీద కాకుల మీద సాధన చేయండి.

స్టాండు కన్నా బియ్యం సంచి మేలు. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, కిలోన్నర బియ్యం పోసి రెండు వైపులా కుట్టేయండి. కారు కిటికీ మీద, గట్టు మీద, రాయి మీద ఎక్కడ పెట్టినా లెన్స్ కదలదు. మట్టిరంగు, ఆకుపచ్చ రంగు బట్టలు వేసుకోండి, తెల్లచొక్కా వద్దు. ఎండకి టోపీ, నీళ్లు, ఒక సీసాలో పల్చటి మజ్జిగ. పదింటికి ఇల్లు చేరితే తరవాణి, లేదా దారిలో ఎవరైనా పెడితే పఖాళ, అంటే ఒడియావాళ్ల చద్దన్నం. రెండూ అన్నదమ్ములే, ఎండనపడి వచ్చినవాడికి రెండూ అమృతమే.

జింకల దగ్గర

ఆసికా దాటాక బుగుడ, బాలిపదర్ వైపు భేట్‌నోయి అని ఒక ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల పొలాల్లో కృష్ణజింకలు ఆవుల్లా తిరుగుతుంటాయి. అది అభయారణ్యం కాదు, కంచె లేదు, టికెట్టు లేదు. పూర్వం ఒకసారి పెద్ద కరువొచ్చినప్పుడు జింకలు కనబడ్డాక వాన పడిందని ఊళ్లో చెప్పుకుంటారు. అప్పటినుంచి చేలో జింక పడితే శుభమనే నమ్మకం. పెసరచేను మేసినా కర్ర ఎత్తరు. అటవీశాఖ లెక్కల ప్రకారం జిల్లాలో 2011లో రెండు వేల పైచిలుకు ఉన్న జింకలు 2023 నాటికి 7,745 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌కి రాష్ట్ర జంతువు కృష్ణజింకే అయినా, మన వాళ్లలో చాలామంది దాన్ని మొదటిసారి చూసేది ఇలా ఎల్ల దాటి వచ్చాకే.

బరంపురం నుంచి గంటన్నర, రెండు గంటలు పెట్టుకోండి. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. మార్చిలో ఇక్కడ ఆరింటికల్లా సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి నాలుగింటికి బయల్దేరక తప్పదు.

ఊళ్లోకి వెళ్లగానే పొలంలోకి దిగకండి. టీ కొట్టు దగ్గర ఆగండి. "హరిణ కేఉంఠి?" అని అడిగితే చాలు, జింకలెక్కడ అని అర్థం. ఒడియా ఇంతకన్నా రాకపోయినా ఫరవాలేదు, చెయ్యి చూపిస్తారు. నిన్న సాయంత్రం మంద ఏ చేలో ఉందో ఆ కొట్టు దగ్గర వాళ్లకి తెలిసినంతగా ఏ గైడుకీ తెలియదు. ఎవరి గట్టు మీద కూర్చుంటారో ఆ రైతును కూడా ఒక మాట అడగండి. అతని చేను తిని బతుకుతున్న జంతువునే మీరు ఫొటో తీయడానికి వచ్చారు.

మంద కనబడ్డాక అసలు పని మొదలవుతుంది.

మొదట ఆగి, చూడండి. కెమెరా సంచీలోనే ఉంచండి. పది నిమిషాలు మంద ఏ దిక్కుకి మేస్తోందో గమనించండి. మేసే మంద ఒక దిక్కు పట్టుకుని మెల్లగా జరుగుతుంది. ఆ దిక్కులో, మందకి చాలా ముందు, సూర్యుడు మీ వీపు మీద పడేలా ఒక గట్టో చెట్టో ఎంచుకోండి. అక్కడికి నేరుగా నడవద్దు, దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. మందవైపు తిరిగి నడిచే మనిషి, పక్కనుంచి తన పనిమీద పోయే మనిషి, ఈ ఇద్దరికీ తేడా జింకకి బాగా తెలుసు. అది ముఖ్యంగా కళ్లతో బతికే జంతువు. రోజూ గొడ్లు తోలుకుపోయే ముసలాయన ఇరవై అడుగుల్లో నడిచినా తల ఎత్తదు. మీరు రెండు వందల అడుగుల్లో వంగి వంగి నడిస్తే లేచిపోతుంది. దాక్కుంటూ నడవడం పులి చేసే పని కదా.

చేరాక కూర్చోండి. నిలబడ్డ మనిషి కన్నా కూర్చున్న మనిషి జింకకి చిన్నగా కనబడతాడు, మీకూ ఫొటో జింక కంటి ఎత్తులో వస్తుంది. పైనుంచి కిందికి తీసిన జింక ఫొటోలో మట్టి తప్ప ఏమీ ఉండదు. కూర్చున్నాక కెమెరాను ఒకేసారి ఒళ్లో సర్దుకుని పెట్టుకోండి, తర్వాత మాటిమాటికీ సంచి తెరవొద్దు. ఫోన్ సైలెంట్. ముప్పావు గంట అనుకోండి. ఒక్కోసారి గంటన్నర. ఒక్కోసారి మంద అటు తిరిగి పోతుంది, ఇక ఆ రోజుకి అంతే, లేచి వెంటపడకండి.

ఇక్కడ ఒక పిట్ట మీకు పరీక్ష పెడుతుంది. తీతువు. మార్చి నుంచి అది బీడు నేల మీద, గూడంటూ లేకుండా నాలుగు రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మీరు దగ్గరికి వెళితే తల మీద తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపు వింటే పొలమంతా తలలెత్తి మీవైపే చూస్తుంది. తీతువు అరుపు మొదలెడితే ఒక్క అడుగు కూడా ముందుకేయకుండా, కాళ్ల దగ్గర గుడ్లున్నాయేమో చూసుకుని వచ్చిన దారినే వెనక్కి రండి. వేరే గట్టు చూసుకోండి.

ఏది మగ, ఏది ఆడ అన్న అనుమానం రాదు. మెలితిరిగిన కొమ్ములు, నల్లటి వీపు, తెల్లటి పొట్ట, కంటి చుట్టూ తెల్లటి వలయం ఉంటే మగది. కొమ్ముల్లేకుండా గోధుమరంగులో ఉంటే ఆడది, లేదా కూన. మగపిల్లలు కూడా మొదట గోధుమరంగులోనే ఉండి వయసుతో నల్లబడతాయి. ఎదిగిన మగజింక ఒకే చోట పేడ వేసి కుప్ప చేస్తుంది. ఇది నా నేల అని మిగతా మగవాటికి అదే హద్దురాయి. అలాంటి కుప్ప కనబడితే సంతోషించండి, దాని యజమాని మళ్లీ అక్కడికే వస్తాడు. తల వెనక్కి వాల్చి, కొమ్ములు వీపుకి ఆనించి, ముక్కు పైకెత్తి బిగుసుకుని నడిచే మగజింక ఫొటో కావాలంటే అలాంటి చోటే కాచుకోవాలి.

ఇక కెమెరా సంగతి. నల్లటి మగజింకను చూసి కెమెరా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, దాంతో తెల్లపొట్ట సున్నం కొట్టినట్టు అయిపోతుంది. వెలుతురు ఒక మెట్టు తగ్గించండి. ఫోన్లో అయితే జింక మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. నిలబడ్డ జింకకు షట్టర్ వేగం 1/500 సెకను చాలు. గంతులేస్తుంటే 1/2000 కావాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోగల జంతువు అది. దాని కంటి మీదే ఫోకస్. అది చూస్తున్న దిక్కున కాస్త ఖాళీ వదలండి.

తొమ్మిది దాటితే ఆపేయండి. నేల వేడెక్కి, గాలి అలలుగా వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా దూరపు జింక నీళ్లలో నీడలా వస్తుంది. చాలామంది లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లేది ఇలాంటి ఫొటోలు చూసే. నేనూ ఒకసారి వెళ్లాను. బాగు చేసి ఇచ్చామన్నారు, డబ్బులు తీసుకున్నారు, మళ్లీ పదకొండింటికి తీస్తే మళ్లీ అలాగే వచ్చింది.

మోదుగ కింద

మోదుగ ఆకు రాల్చి పూస్తుంది, అందుకే పిట్టలు దాక్కోలేవు. గోరింకలు, రామచిలకలు, పసులపోలిగాళ్లు, తేనెపిట్టలు వరసగా వస్తాయి. ఉడత అయితే పువ్వు కోసుకుని రెండు చేతుల్తో పట్టుకుని తాగేసి కిందికి విసిరేస్తుంది. చెట్టు ఎంచుకోవడంలోనే సగం ఫొటో ఉంది. వెనక ఆకాశం ఉన్న చెట్టు వద్దు, పువ్వులు నల్లగా వస్తాయి. వెనక కొండ గానీ చింతతోపు గానీ ఉన్న చెట్టు చూడండి. పొద్దుటి ఎండలో ఆ ముదురు పచ్చ మీద మోదుగ నిప్పు రాజుకున్నట్టు ఉంటుంది. పిట్ట వెంట లెన్స్ తిప్పకండి. బాగా విచ్చిన ఒక రెమ్మ మీద ఫోకస్ పెట్టుకుని ఉండండి, వచ్చిన పిట్టే మళ్లీ వస్తుంది. మోదుగ దొరకకపోతే బూరుగకీ ఇదే పద్ధతి. మా వీధి చివర ఒక పెద్ద బూరుగ ఉండేది, 2013లో ఫైలిన్ తుపానుకి పడిపోయింది. ఇప్పుడు అక్కడ సెల్ టవర్ ఉంది, దాని మీద కాకి తప్ప ఏదీ వాలదు.

దారిలో కరెంటు తీగల మీద పాలపిట్ట కనిపిస్తే బండి ఆపండి, దిగకండి. ఒడిశాకీ తెలంగాణకీ రాష్ట్ర పక్షి ఇదే. కూర్చుంటే మామూలు గోధుమరంగు పిట్ట, రెక్క విప్పితే నీలం. వసంతంలో మగది ఎత్తుకి ఎగిరి, అరుస్తూ, పల్టీలు కొడుతూ కిందికి దిగుతుంది. రెక్క విప్పే ముందు ఒక్కసారి వంగుతుంది. ఆ వంగినప్పుడే నొక్కడం మొదలెట్టాలి, రెక్క విప్పాక నొక్కితే ఖాళీ తీగ మిగులుతుంది.

ఇప్పచెట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది, దాన్ని ఏరుకోవడానికి మనుషులు ఎంత పొద్దున్నే వస్తారో ఎలుగుబంటీ అంత పొద్దున్నే వస్తుంది. కొండవార ఇప్పతోపుల్లోకి వెలుతురు రాకముందు వెళ్లొద్దు, ఒంటరిగా అసలే వద్దు. పువ్వు ఏరుకునే ఆడవాళ్లు వెళ్లాక, వాళ్ల వెంట, వాళ్లని అడిగి వెళ్లండి. వాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ నడిచేది కబుర్ల కోసమే కాదు.

చైత్రంలో ఎర్రటి ఎండలో దండనాట అనే జానపద నృత్యం చేసే బృందాలు ఊరూరా తిరుగుతూ ఎదురవుతాయి. అది మొక్కు, వ్రతం. కెమెరా ఎత్తే ముందు పెద్దాయన ఎవరో చూసుకుని సైగ చేయండి. ఆయన తల ఊపితేనే తీయండి.

ఋషికుల్య ఇసుకలో

బరంపురం నుంచి ముప్పై చిల్లర కిలోమీటర్లలో గంజాం పట్నం దగ్గర ఋషికుల్య సముద్రంలో కలుస్తుంది. ఆ నదీముఖం పక్కన గోఖర్‌కుద, పురుణబంధ, పొడంపేట ఊళ్ల దగ్గరి ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. కొన్నేళ్లు కొద్ది రోజుల్లోనే లక్షల్లో వస్తాయి. 2023లో 6.37 లక్షలని లెక్క తేలింది. 2024లో అలా మందగా రానేలేదు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ ఆరున్నర లక్షలు దాటాయి. కాబట్టి రైలు టికెట్టు ముందే కొనుక్కున్నాను కదా అని తాబేలు రాదు.

ఈ తీరపు మత్స్యకారుల్లో నోలియాలు చాలామంది. వాళ్ల ఇంటిభాష తెలుగే. అందుకని మనకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, ఎవరి సాయం లేకుండా అడిగి తెలుసుకోవచ్చు. దక్షిణపు గాలి బలంగా తిరిగిందంటే తాబేళ్లు ఎక్కుతాయని వాళ్లు చెబుతారు, పరిశోధకులూ గాలికీ దీనికీ సంబంధం ఉందనే అంటారు. ఒక ఫోన్ నంబరు ఉంచుకుని గాలి కబురు అడుగుతూ ఉండండి. ఇంకో సంగతి. తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఈ నదీముఖం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపలవేట నిషేధం. మీరు చూడ్డానికి వచ్చిన దాని కోసం వాళ్లు ఏడు నెలలు వేట తగ్గించుకుంటున్నారు. ఊళ్లో ఒకరిని దారి చూపడానికి పిలుచుకెళ్లి, బేరమాడకుండా డబ్బివ్వండి.

గుడ్లు పెట్టే రోజుల్లో అటవీశాఖ ఇసుక మీదికి మనుషుల్ని ఎంతవరకు రానిస్తుందో ఒక్కో ఏడు ఒక్కో తీరు. ముందు రోజే వెళ్లి అక్కడ కాపలా ఉన్న సిబ్బందిని అడగండి. వద్దంటే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలూ, కృష్ణజింకా రెండూ మొదటి షెడ్యూలులోనే, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోనే ఉన్నాయి. ముట్టుకోవడం, వీపు మీద చెయ్యేసి సెల్ఫీ దిగడం, గుడ్డు చేతిలోకి తీసుకోవడం తమాషా కాదు. అనుమతి లేని డ్రోనూ అంతే.

రానిస్తే ఇలా చేయండి. చీకటి పడకముందే ఫోన్ ఫ్లాష్ ఆపేయండి, ఆపానని అనుకోవడం కాదు, జేబులో ఒక ఫొటో తీసి చూసుకోండి. నేను ఆపాననే అనుకున్నాను. తాబేలు అప్పుడే అలల్లోంచి తలెత్తింది, నా చేతిలో భగ్గుమంది. అది అక్కడే తిరిగి నీళ్లలోకి పోయింది. పక్కనున్న నోలియా పెద్దాయన అరవలేదు. "ఏటి బాబూ, పురిటింట్లోకి టార్చిలైటు ఎట్టుకుని వెళ్తారేటి?" అన్నాడంతే. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టండి. ఫోన్ తెర వెలుతురు అడుగుకి దించండి. తాబేలు ఇసుక ఎక్కేటప్పుడు, గొయ్యి తవ్వేటప్పుడు దగ్గరికి పోవద్దు, అప్పుడే అది బెదిరి వెనుదిరిగేది. వెనక రెక్కకాళ్లతో కుండ ఆకారంలో గొయ్యి తవ్వి, నూరుకు అటూఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపి నేలను దిమ్మిస లాగా కొడుతుంది. ఆ దబదబ చీకట్లో వినబడుతుంది. కళ్లవెంట నీళ్లు కారడం చూసి ఏడుస్తోందని చాలామంది ఫొటో కింద రాస్తారు. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపడం, సముద్రంలోనూ అలాగే కారుతుంది.

చీకట్లో ఫొటో కోసం పెద్దగా తాపత్రయపడకండి. చూడండి, వినండి. ఫొటోకి తెల్లవారుజాము ఉంది. ఐదున్నర, ఆరు మధ్య, ఆఖరి తాబేళ్లు తిరిగి నీళ్లలోకి పోతుంటాయి. దాని వెనక, పక్కకి జరిగి, ఇసుక మీద పడుకుని తీయండి. దానికీ సముద్రానికీ మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. ఒక్క తాబేలూ కనబడకపోయినా ట్రాక్టరు టైరు నడిచినట్టు ఇసుకలో జాడలు ఉంటాయి. ఏటవాలు ఎండలో ఆ జాడలు, వాటి చివర అల, నాకు తాబేలు ఫొటో కన్నా అదే ఇష్టం.

పిల్లలు వచ్చేది ఏప్రిల్‌లో. పొదిగేది ఇసుక వేడే. ఆ వేడిని బట్టే ఆడదో మగదో తేలుతుంది, వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ. రాత్రి, తెల్లవారుజామున ఇసుక చల్లబడ్డాక గుంపుగా పైకొచ్చి, ఎటు వెలుతురుంటే అటు పాకుతాయి. మామూలుగా అది సముద్రం. మీ చేతిలో లైటు ఉంటే అది మీరు. పైగా మీరు నడిచే చోట కాళ్ల కింద ఇంకా పైకి రాని పిల్లలుంటాయి. కుక్కలు రాకుండా అటవీశాఖ కట్టిన వలకి ఇవతలే ఉండండి, దారి చూపే మనిషి అడుగుల్లో అడుగు వేయండి. ఒక్కటి తోవ తప్పి ఊరివైపు పోతుంటే మీరు ఎత్తకండి, సిబ్బందికి చూపించండి.

సముద్రపు ఒడ్డున లెన్స్ మార్చొద్దు. ఇంటికొచ్చాక మొదట ఇసుకను ఊది దులపండి, తర్వాతే గుడ్డ పెట్టండి. ఇసుక ఉండగా తుడిస్తే అద్దం గరుకైపోతుంది. ఉప్పు గాలి తగిలిన కెమెరాను మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టండి. ఫొటోలు కంప్యూటర్లో వేసుకునేటప్పుడు ప్రతిదానికీ తేదీ, ఊరు, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో రాసుకోండి. బయట పెట్టేటప్పుడు మాత్రం తీతువు గుడ్ల చోటు, మగజింక పేడకుప్ప ఉన్న చేను రాయొద్దు, జిల్లా పేరు చాలు. మా పెదనాన్నగారి అబ్బాయికి కూడా ఆ చేను ఎక్కడో నేను ఇంతవరకు చెప్పలేదు. వాడు టీ కొట్టు దగ్గర అడిగి కనుక్కున్నాడు.